పాత ఆసిలోస్కోప్‌కి స్పేర్ పార్ట్స్: షాపుకి వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

"అన్నా, హెచ్ఎమ్ 203 ఆసిలోస్కోప్‌కి స్పేర్ పార్ట్స్ ఉన్నాయా?" అని వైజాగ్ డాబాగార్డెన్స్ వైపు ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగినా వచ్చే సమాధానం ఒకటే: లేవు. అదే షాపులో, అదే కౌంటర్ దగ్గర "2200 మైక్రోఫారడ్, 35 వోల్టులు, 105 డిగ్రీలది కెపాసిటర్ రెండు ఇవ్వండి" అంటే అర నిమిషంలో డబ్బాలోంచి బయటికొస్తుంది. రెండు ప్రశ్నలూ ఒకే మెషీన్ గురించి కావచ్చు.

పాత టెస్ట్ పరికరాలు రిపేర్ చేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. మనకి మొబైల్ రిపేర్ అలవాటు. ఫలానా మోడల్ డిస్‌ప్లే, ఫలానా మోడల్ ఛార్జింగ్ బోర్డు అని మోడల్ పేరు చెబితే పని అయిపోతుంది. 1980లు, 90ల నాటి ఆసిలోస్కోప్, మల్టీమీటర్, ఫంక్షన్ జనరేటర్ అలాంటివి కావు. వాటి లోపల విడివిడిగా వందల పార్ట్స్ ఉంటాయి. అందులో చాలావరకు ఆ రోజుల్లో ఏ కంపెనీ అయినా వాడే మామూలు సరుకే, ఇప్పటికీ తయారవుతోంది. కాబట్టి మనం వెతకాల్సింది "ఆ మోడల్ పార్ట్" కాదు, ఆ చోట ఆ పని చేయగల పార్ట్. ఆ పని ఏంటో తెలియకుండా షాపుకి వెళితే డబ్బులూ, టైమూ రెండూ పోతాయి.

అసలు ఇంత పాత మెషీన్లు ఎవరి దగ్గర ఉంటాయి అంటారా? స్టీల్ ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, వీటికి తోడు ఊరి నిండా ఇంజినీరింగ్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు ఉన్న ఊరు ఇది. ఎక్కడ చూసినా ల్యాబ్‌లే. పాత పరికరాలు ఏదో ఒక రోజు స్క్రాప్ అవుతాయి. ప్రభుత్వ రంగ సంస్థల స్క్రాప్ చాలావరకు ఎమ్ఎస్‌టీసీ ఈ-వేలంలో లాట్ల కింద పోతుంది. మనలాంటి వాళ్లం ఒక్క స్కోప్ కోసం అక్కడ పాడలేం గానీ, గాజువాక ఆటోనగర్ వైపు స్క్రాప్ డీలర్లను అడుగుతూ ఉంటే అప్పుడప్పుడూ ఒకటి కనబడుతుంది. కొంటే మాత్రం బిల్లు తీసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కొత్త ఈ-వేస్ట్ రూల్స్ కిందికి ల్యాబ్ పరికరాలు కూడా వచ్చాయి, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉండటం మంచిది.

మన కాలేజీ ల్యాబ్‌లలో ఎక్కువగా కనిపించేది ఇండోర్ సైంటిఫిక్ కంపెనీ స్కోపే. జర్మనీ హామెగ్ డిజైన్‌తో ఇక్కడ తయారైన హెచ్ఎమ్ 203, 20 మెగాహెర్ట్జ్, రెండు ఛానెళ్లు. ఆర్డినో సిగ్నళ్లు, ఆడియో యాంప్లిఫయర్, పవర్ సప్లై రిపుల్ చూసుకోవడానికి ఇది చాలు. కొత్త బెంచ్‌టాప్ డిజిటల్ స్కోప్ కొనాలంటే ఇరవై వేలు దాటిపోతుంది. స్టూడెంట్‌కి ఆ తేడా చిన్నది కాదు.

ముందు మాన్యువల్, తర్వాతే స్క్రూడ్రైవర్

పాత పరికరాల్లో నాకు బాగా నచ్చేది ఇదే. సర్వీస్ మాన్యువల్‌లో పూర్తి సర్క్యూట్ డయాగ్రమ్, ఏ పాయింట్‌లో ఎంత వోల్టేజ్ ఉండాలో, పార్ట్స్ లిస్టుతో సహా అచ్చేసి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు లక్ష రూపాయల ఫోన్ కొన్నా స్కీమాటిక్ రాదు. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు, వ్యవసాయ యంత్రాలు అందులో ఉన్నాయి గానీ 35 ఏళ్ల ఆసిలోస్కోప్‌ని పట్టించుకునేవాళ్లు లేరు. అదృష్టం ఏంటంటే దానికి ఆ పోర్టల్ అవసరం కూడా లేదు, మాన్యువల్ ఉంటే చాలు.

వెతికేటప్పుడు ఒక చిన్న విషయం. కంపెనీల పేర్లు మారిపోయాయి. హెచ్‌పీ టెస్ట్ పరికరాల విభాగం 1999లో ఎజిలెంట్ అయింది, 2014లో కీసైట్ అయింది. హెచ్‌పీ మల్టీమీటర్ మాన్యువల్ కోసం కీసైట్ సైట్‌లోనే చూడండి, ఎన్నో ఏళ్ల క్రితం ఆపేసిన మోడళ్లవి కూడా పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. టెక్ట్రానిక్స్ వాటికైతే టెక్‌వికీ ఉంది, అభిమానులు నడిపే సైట్ అది.

మాన్యువల్ తెరిచాక ఇంకో గోడ ఎదురవుతుంది. పార్ట్స్ లిస్టులో మనకి తెలిసిన నంబర్లు ఉండవు. పెద్ద కంపెనీలు బయట కొన్న ట్రాన్సిస్టర్‌కి కూడా సొంత నంబర్ ఇచ్చుకునేవి. టెక్ట్రానిక్స్ బోర్డు మీద 151-0190-00 అని చూసి "ఇది ఎక్కడా దొరకదు" అని వదిలేస్తే ఎలా? అది 2ఎన్3904. రెండు, మూడు రూపాయల ట్రాన్సిస్టర్. 151-0188-00 దాని జోడీ 2ఎన్3906. 156-0067-00 అంటే అందరూ ల్యాబ్‌లో వాడే 741 ఆప్-యాంప్. హెచ్‌పీలో 1854-0215 కూడా మళ్లీ 2ఎన్3904నే, 1820-1197 అంటే 74ఎల్ఎస్00. ఈ నంబర్లను మామూలు నంబర్లలోకి మార్చే క్రాస్ రిఫరెన్స్ లిస్టులు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ముందు అవి డౌన్‌లోడ్ చేసుకోండి. "దొరకని పార్ట్స్" లిస్టు ఆ ఒక్క పనితో సగానికి సగం తగ్గిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కు. 2ఎన్3904 లేదనుకోండి, షాపతను "బీసీ547 తీసుకోండి, అదే ఇది" అంటాడు. ఎలక్ట్రికల్‌గా చాలాచోట్ల పనిచేస్తుంది, నిజమే. కానీ కాళ్లు తిరగబడి ఉంటాయి. చదునుగా ఉన్న వైపు మనకి ఎదురుగా పెట్టుకుంటే 2ఎన్3904లో ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547లో కలెక్టర్, బేస్, ఎమిటర్. పాత దాని స్థానంలో అలాగే గుచ్చితే ఆ స్టేజ్ పనిచేయదు, తప్పు వేరే చోట ఉందనుకుని మీరు రెండు రోజులు తిరుగుతారు.

పవర్ సప్లై దగ్గరే ఎక్కువ కేసులు తేలిపోతాయి

స్కోప్ ఆన్ చేస్తే ట్రేస్ రాలేదు. లేదా వచ్చింది గానీ అలలు అలలుగా ఊగుతోంది. చాలామంది వెంటనే సీఆర్‌టీ పోయిందనుకుంటారు. ముందు మాన్యువల్‌లో ఇచ్చిన సప్లై వోల్టేజ్‌లు ఒక్కొక్కటీ కొలవండి. ఒక 12 వోల్ట్ లైను 9 దగ్గర ఉంటే, ఏసీ రేంజ్‌లో కొలిచినప్పుడు దాని మీద రిపుల్ ఎక్కువగా కనిపిస్తే, ముందు అనుమానించాల్సింది ఫిల్టర్ కెపాసిటర్‌నే. ముప్ఫై ఏళ్లలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపలి ద్రవం ఎండిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్ పక్కన ఉన్నవి ముందు పోతాయి.

కొత్తది కొనేటప్పుడు కెపాసిటీ అదే ఉండాలి, వోల్టేజ్ అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి, టెంపరేచర్ 105 డిగ్రీలది అడగాలి. ఎస్ఎమ్‌పీఎస్‌లో అయితే లో-ఈఎస్ఆర్ టైప్ కావాలి. పాతదాని కాళ్ల మధ్య దూరం, ఎత్తు కూడా స్కేలుతో కొలుచుకుని వెళ్లండి. ఇప్పటి కెపాసిటర్లు చిన్నవి, పాత రంధ్రాల్లో సరిగ్గా కూర్చోవు. ఇంకొకటి, షాపులో పదేళ్లుగా డబ్బాలో పడి ఉన్న "కొత్త" కెపాసిటర్ కూడా పాతదే. ఒంటి మీద డేట్ కోడ్ ఉంటే చూడండి.

చింతగింజలా ఉండే టాంటలమ్ కెపాసిటర్ల సంగతి వేరు. అవి ఎండిపోవు, షార్ట్ అవుతాయి. 15 వోల్టుల లైను మీద 16 వోల్టుల టాంటలమ్ పెట్టిన పాత బోర్డులు ఉంటాయి. మార్చేటప్పుడు లైను వోల్టేజ్‌కి రెట్టింపు రేటింగ్ ఉన్నది పెట్టడం మంచిది.

విలువ కలిసినా పార్ట్ కలవకపోవచ్చు

ట్రేస్ వచ్చింది, కానీ మసకగా ఉంది, ఫోకస్ కుదరట్లేదు. ఇది పాత స్కోప్‌లలో తరచూ వచ్చే జబ్బు. ఇక్కడి నుంచి జాగ్రత్త, నవ్వులాట కాదు. 20 మెగాహెర్ట్జ్ చిన్న స్కోప్‌లో కూడా సీఆర్‌టీకి వెళ్లేది 2000 వోల్టుల దగ్గర ఉంటుంది. టెక్ట్రానిక్స్ 465 లాంటి వాటిలో 18 కిలోవోల్టులు. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. మామూలు మల్టీమీటర్ ప్రోబ్ అక్కడ పెట్టకూడదు, హై వోల్టేజ్ ప్రోబ్ ఉండాలి. డిస్‌ఛార్జ్ చేయడం ఎలాగో ఎవరైనా తెలిసినవాళ్ల పక్కన ఉండి ఒకసారి చూడకుండా ఈ భాగం ముట్టుకోవద్దు.

ఫోకస్ సర్క్యూట్‌లో పెద్ద విలువ రెసిస్టర్లు వరసగా ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి విలువ పెరిగిపోతుంది. సరే, 10 మెగాఓమ్‌ల రెసిస్టర్ పోయిందనుకుందాం, దాని మీద 1000 వోల్టులు పడుతున్నాయి అనుకుందాం. పవర్ లెక్క వేస్తే 0.1 వాట్ మాత్రమే. కాబట్టి షాపులో దొరికే పావు వాట్ రెసిస్టర్ సరిపోతుంది అనిపిస్తుంది. సరిపోదు. మామూలు పావు వాట్ కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్ తట్టుకునే గరిష్ఠ వోల్టేజ్ సాధారణంగా 250. అర వాట్‌ది 350. ఈ సంగతి రెసిస్టర్ ఒంటి మీద రంగుల్లో రాసి ఉండదు, డేటాషీట్‌లో ఉంటుంది. పెట్టగానే కాలిపోదు కూడా, కొన్ని వారాలు పనిచేసి మెల్లగా పాడవుతుంది. దీనికి ఒక దారి, 2 మెగాఓమ్‌ల అర వాట్ రెసిస్టర్లు ఐదు సిరీస్‌లో పెట్టడం, అప్పుడు ఒక్కోదాని మీద 200 వోల్టులే పడతాయి. ఇంకో దారి విషే వీఆర్37 లాంటి హై వోల్టేజ్ రెసిస్టర్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం. లేత నీలం రంగులో ఉంటుంది, 3500 వోల్టుల డీసీ వరకు రేటింగ్.

హై వోల్టేజ్ కెపాసిటర్ల కోసం నేను చెప్పే అడ్రసు కాంపోనెంట్ షాపు కాదు, పాత టీవీ మెకానిక్. సీఆర్‌టీ టీవీల కాలంలో షాపు పెట్టినవాళ్లు ఇంకా మన వీధుల్లో ఉన్నారు. ఇప్పుడు ఎల్ఈడీ టీవీ ప్యానెళ్లు, సెట్‌టాప్ బాక్సులు చూసుకుంటున్నారు. కానీ సొరుగుల్లో 2 కిలోవోల్ట్, 3 కిలోవోల్ట్ సెరామిక్ డిస్క్ కెపాసిటర్లు, ఫాస్ట్ రికవరీ డయోడ్లు, బీయూ508 ట్రాన్సిస్టర్లు అలాగే పడి ఉంటాయి. కొనేవాళ్లు లేరు. "మాస్టారూ, పాత స్కోప్ బాగు చేసుకుంటున్నాను" అని బోర్డు చూపిస్తే చాలామంది ఉత్సాహంగా సొరుగు లాగుతారు. హై వోల్టేజ్ దగ్గర చెయ్యి ఎలా పెట్టాలో నేర్పడానికి కూడా వాళ్లకన్నా మంచి గురువులు దొరకరు. పక్కన కూర్చుని ఒక టీ తాగితే యూట్యూబ్‌లో లేనివి నాలుగు తెలుస్తాయి.

సముద్రపు గాలి చేసే పని

మన ఊళ్లో గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువే. దీనివల్ల ప్రత్యేకంగా దెబ్బతినే పార్ట్ ఒకటుంది. కొన్ని యూరప్, అమెరికా పరికరాల్లో మెయిన్స్ ఇన్‌పుట్ దగ్గర పసుపు రంగులో పారదర్శకంగా కనిపించే రీఫా కెపాసిటర్. లోపల ఉండేది కాగితం. పై పూత ఏళ్లు గడిచాక పగుళ్లు ఇస్తుంది, కాగితం తేమ పీల్చుకుంటుంది, ఒకరోజు ప్లగ్ పెట్టగానే ఢప్పుమని, గది నిండా పొగ. పగుళ్లు కనిపించినా కనిపించకపోయినా మొదటిసారి ఆన్ చేయడానికి ముందే దాన్ని తీసేయడం మంచిది. బదులుగా అంతే విలువ ఉన్న ఎక్స్2 క్లాస్ ఫిల్మ్ కెపాసిటర్, 275 వోల్టుల ఏసీ లేదా అంతకు మించినది పెట్టాలి. "ఎక్స్2" అనే మాట షాపులో గట్టిగా చెప్పండి. 400 వోల్టులని రాసి ఉన్న మామూలు పాలిస్టర్ కెపాసిటర్ ఆ చోట పెట్టకూడదు. లైను నుంచి బాడీకి వెళ్లే చోట అయితే వై క్లాసే కావాలి.

స్విచ్‌లు, నాబ్‌లు కరకరలాడితే మాత్రం కొత్తవి వెతక్కండి. దొరకవు కూడా. చాలావరకు అది తుప్పు, మురికి. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఇరవై, ముప్ఫై సార్లు తిప్పితే సగం పైగా బాగుపడతాయి. ఫ్లూక్ మల్టీమీటర్ డిస్‌ప్లేలో గీతలు మాయమైతే కూడా అంతే, ఎల్‌సీడీ కింద ఉండే జీబ్రా స్ట్రిప్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి.

వైజాగ్‌లో దొరకనివి

సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. కోఠి గుజరాతీ గల్లీలో కాంపోనెంట్ షాపులు వరసగా ఉంటాయి. చెన్నై వెళ్లే పని ఉంటే రిచీ స్ట్రీట్. పాత ఐసీలు, 74ఎల్ఎస్ సిరీస్, రోటరీ స్విచ్‌లు, పాత కనెక్టర్లు ఇలాంటి చోట్ల చేత్తో వెతుక్కుంటేనే దొరుకుతాయి. కానీ పవర్ ట్రాన్సిస్టర్లు, ఖరీదైన ఐసీలు గల్లీలో కొనడం నాకు ఇష్టం ఉండదు. చౌక చిప్ మీద నంబర్ చెరిపేసి వేరే నంబర్ వేసిన నకిలీలు చాలా తిరుగుతున్నాయి. 2ఎన్3055 లాంటి పెద్ద ట్రాన్సిస్టర్లలో లోపల చిన్న ముక్క మాత్రమే పెట్టి అమ్మినవి కూడా ఉన్నాయి. ఇప్పటికీ తయారవుతున్న పార్ట్ అయితే ఎలిమెంట్14, మౌసర్, డిజీ-కీ లాంటి అధీకృత డిస్ట్రిబ్యూటర్ల దగ్గర తెప్పించుకోండి. షిప్పింగ్ ఖర్చు పార్ట్ ధరకి పదింతలు కావచ్చు, అందుకే నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒకే ఆర్డర్ పెట్టడం నయం.

ఇక నిజంగానే దొరకనివి కొన్ని ఉంటాయి. స్కోప్ సీఆర్‌టీ, కంపెనీ తన కోసమే చేయించుకున్న ఐసీ, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్, అటెన్యుయేటర్ స్విచ్. టెక్ట్రానిక్స్ 2465లో యూ800 అనే హారిజాంటల్ అవుట్‌పుట్ ఐసీ బాగా తెలిసిన ఉదాహరణ. వేడికి పోతుంది, కంపెనీ సొంత చిప్ కాబట్టి బయట దానికి సమానమైనది లేదు. అది బాగున్న స్కోప్ చేతికొస్తే ముందుగానే చిన్న హీట్‌సింక్ అతికించేవాళ్లు అందుకే. కాబట్టి కొనే ముందు చూడాల్సింది ఇదీ: పోయింది మామూలు పార్టా, ఈ లిస్టులోదా? ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన వస్తే, సీఆర్‌టీ మెడ దగ్గర గాజు పగిలి ఉంటే, ఎంత చౌకగా ఇచ్చినా రిపేర్ కోసం కొనకండి. కానీ అదే మోడల్ మీ దగ్గర ఇంకొకటి ఉంటే తప్పకుండా కొనండి. పార్ట్స్ కోసం కొన్న రెండో చచ్చిన మెషీన్‌ని మించిన స్పేర్ పార్ట్స్ షాపు లేదు. పైగా రెండింటిలో ఒకే పాయింట్ దగ్గర కొలిచి పోల్చుకోవచ్చు.

బ్యాటరీ మార్చే ముందు ఆగండి

కొన్ని పరికరాల్లో చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. గడియారం కోసం కాదు. కాలిబ్రేషన్ అంకెలన్నీ దాని మీద బతికే మెమరీలో ఉంటాయి. హెచ్‌పీ 3478ఏ మల్టీమీటర్ ఇలాంటిదే. బ్యాటరీ పాతదైంది కదా అని పీకేస్తే, ఆ క్షణంలో కాలిబ్రేషన్ మొత్తం పోతుంది, మీటర్ బతికే ఉంటుంది గానీ చూపించే అంకెని నమ్మలేం. సరైన క్రమం ఏంటంటే, ముందు జీపీఐబీ ద్వారా ఆ మెమరీని చదివి ఫైల్‌గా దాచుకోవాలి, తర్వాత బయటి నుంచి 3 వోల్టులు సమాంతరంగా ఇస్తూ బ్యాటరీ మార్చాలి. కొన్ని టెక్ట్రానిక్స్ 2465బీలలో బ్యాటరీ విడిగా కనిపించదు, డీఎస్1225 అనే మెమరీ చిప్ కడుపులోనే ఉంటుంది. డేటాషీట్ హామీ ఇచ్చేది పదేళ్లు. చాలా వాటికి అది ఎప్పుడో దాటిపోయింది. జాగ్రత్తగా విప్పి, ప్రోగ్రామర్‌లో చదివి, కొత్త చిప్‌లో రాసి, సాకెట్‌లో పెట్టాలి. మనలో కోడ్ రాసేవాళ్లకి ఇది బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్ డేటాబేస్ ముట్టుకోవద్దు అన్నట్టే.

ఫ్యూజ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మీటర్లు 415 వోల్టుల ప్యానెళ్ల మీద వాడతారు. ఫ్లూక్ 87 ఐదో వెర్షన్‌లో ఆంప్స్ రేంజ్‌లకి 440 మిల్లీఆంప్స్, 11 ఆంప్స్ ఫ్యూజులు, రెండూ 1000 వోల్టులవి. కొత్తది ఒక్కొక్కటి వందల్లో ఉంటుంది. బదులుగా పది రూపాయల గాజు ఫ్యూజ్ పెట్టేవాళ్లున్నారు, రాగి తీగ చుట్టేవాళ్లూ ఉన్నారు. గాజు ఫ్యూజ్ కాలినా లోపల ఆర్క్ ఆగదు, ఆ ఆర్క్ మీటర్‌ని చేతిలోనే పేల్చగలదు. ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజ్ ఆ ఆర్క్‌ని చంపడానికే. సెకండ్ హ్యాండ్ మీటర్ కొంటే మొదట వెనక మూత విప్పి ఫ్యూజులు చూడండి. సరైనది లేకపోతే కొత్తది వచ్చేదాకా ఆ మీటర్‌ని ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లకండి.

రిపేర్ అయ్యాక చూపించేది నిజమేనా అని తేల్చుకోవాలి. స్కోప్ ముందు భాగంలో ఉండే 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ మొదటి పరీక్ష. ప్రోబ్‌ని దాని మీద పెట్టి మూలలు చదునుగా వచ్చేలా సర్దుకోండి. వోల్టేజ్ కోసం ఏడీ584 రిఫరెన్స్ మాడ్యూల్ ఒకటి కొనుక్కుంటే 2.5, 5, 7.5, 10 వోల్టులు ఇస్తుంది. టైమ్ బేస్‌కి ఏదైనా క్రిస్టల్ ఉన్న మైక్రోకంట్రోలర్ బోర్డు నుంచి తెలిసిన ఫ్రీక్వెన్సీ ఇచ్చి చూడొచ్చు, అనలాగ్ స్కోప్ కచ్చితత్వం ఎలాగూ 3 శాతం దగ్గరే కాబట్టి అది చాలు. హాబీకి ఇంతవరకూ సరిపోతుంది. అదే మీటర్‌తో డబ్బులు తీసుకుని ఎవరికైనా రీడింగ్ ఇస్తున్నట్లయితే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కాలిబ్రేట్ చేయించండి. ఇచ్చే ముందు ఫోన్ చేసి మీ మోడల్, రేంజ్‌లు చెప్పి ఎంత అవుతుందో కనుక్కోండి. కొన్నిసార్లు ఆ బిల్లు స్క్రాప్ షాపులో మీరు పెట్టిన ధర కన్నా ఎక్కువ ఉంటుంది.